మీట నొక్కాక ఏమవుతుంది?

రాజుపాలెం మండలంలో ఓటున్న ప్రతి మనిషీ ఒక ఇంటరాక్షన్ డిజైనర్ చేసిన పనిని వేలితో తాకి చూసినవాడే. ఆ ఉద్యోగం పేరు ఎప్పుడూ విని ఉండకపోవచ్చు. ప్రొద్దుటూరు నియోజకవర్గం పోలింగ్ బూత్‌లో అట్ట అడ్డం పెట్టిన బల్ల ముందు నిలబడి, నీలం మీట నొక్కి, పక్కన ఎర్ర దీపం వెలగడం చూసి, పొడుగాటి కూత విని బయటికొచ్చి ఉంటాడు. చదువు రాని అవ్వ కూడా ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా చేసుకొచ్చే పని అది. ఈ అధ్యాయంలో మనం మాట్లాడుకునే వృత్తికి ఇంతకన్నా మంచి నమూనా నాకు తట్టలేదు.

ఈవీఎంను మన దేశంలో మొదట వాడింది 1982లో, కేరళలోని పరవూరు అసెంబ్లీ స్థానంలో, 50 పోలింగ్ కేంద్రాల్లో. దాన్ని తయారుచేసే ప్రభుత్వ సంస్థలు రెండే. ఒకటి బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్), రెండోది హైదరాబాద్ ఈసీఐఎల్. లోపలి సర్క్యూట్లు ఇంజినీర్ల పని. మనిషి చేతికీ కంటికీ అందే భాగానికి రూపం దిద్దింది బొంబాయి ఐఐటీ ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకులు ఏ.జి. రావు, రవి పూవయ్య. ఇలాంటి యంత్రం చేసేవాళ్లకు ఎదురయ్యే చిక్కులు ఒకసారి ఊహించండి. ఓటరుకు అక్షరం రాకపోవచ్చు, అందుకని గుర్తుకు ఎదురుగానే మీట ఉండాలి. ‘రెండుసార్లు నొక్కితే రెండు ఓట్లు పడతాయేమో’ అని ఆశపడేవాడూ వస్తాడు, భయపడేవాడూ వస్తాడు. అందుకని ఒకసారి నొక్కాక, అధికారి తన దగ్గరున్న కంట్రోల్ యూనిట్‌లో మళ్లీ ‘బ్యాలట్’ మీట నొక్కేదాకా యంత్రం ఉలకకూడదు, పలకకూడదు. ఆకుపచ్చ దీపం వెలిగితే ‘నీ వంతు’. ఎర్ర దీపం వెలిగితే ‘అందింది’. కూత వినపడితే ‘ఇంక పో’. మనిషికీ యంత్రానికీ మధ్య జరిగే మాటలన్నీ ఇంతే. చూపు లేనివాళ్ల కోసం మీట పక్కన బ్రెయిలీ అంకెలు కూడా తర్వాత చేరాయి.

అయినా ఒక అనుమానం మిగిలిపోయింది. “కూసింది సరేప్పా, నేననుకున్నోళ్లకే పడిందని ఎట్ట తెలుస్తాది?” ఈ ప్రశ్నకు కూత దగ్గర జవాబు లేదు. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికతో మొదలుపెట్టి వీవీప్యాట్ వచ్చింది. మీట నొక్కగానే అద్దం వెనక చీటీ మీద అభ్యర్థి క్రమసంఖ్య, పేరు, గుర్తు కనిపిస్తాయి. ఏడు సెకన్లు ఉండి డబ్బాలో పడిపోతుంది.

కూత యంత్రం తరఫున మాట్లాడింది, ‘నాకు అందింది’ అని. చీటీ ఓటరు తరఫున మాట్లాడింది, ‘నువ్వు కోరిందే జరిగింది’ అని. యంత్రం తన సంగతి చెప్పి ఊరుకుంటుంది. దానిచేత మనిషికి కావలసిన సంగతి చెప్పించడమే ఇంటరాక్షన్ డిజైనర్ ఉద్యోగం. నేను ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీన్ని ఎట్లా సాధన చేయాలన్నది.

మూడు ప్రశ్నలు

‘ఇంటరాక్షన్ డిజైన్’ అనే పేరు 1980ల మధ్యలో పుట్టింది. పెట్టినవాళ్లు బిల్ మొగ్రిడ్జ్, బిల్ వెర్ప్లాంక్. మొగ్రిడ్జ్ అంతకుముందే, 1982లో మార్కెట్లోకి వచ్చిన ‘గ్రిడ్ కంపాస్’ అనే మడత కంప్యూటర్‌కు రూపం ఇచ్చినవాడు. దాన్ని ఇంటికి తీసుకుపోయి వాడటం మొదలుపెట్టాక, తాను అంత శ్రమపడి దిద్దిన పెట్టె సంగతే మరిచిపోయి, తెర లోపల జరిగే వ్యవహారంలో మునిగిపోయాడట. పెట్టెకు డిజైనర్ ఉన్నాడు, ఆ లోపలి వ్యవహారానికి ఎవరూ లేరని అప్పుడు తట్టింది.

వెర్ప్లాంక్ ఈ వృత్తిని మూడు ప్రశ్నల్లోకి దించాడు. మనిషి ఏం చేస్తాడు? చేశాక అతనికి ఏం తగులుతుంది, అంటే కంటికో చెవికో చేతికో? తాను ఎక్కడున్నాడో, తర్వాత ఏం చేయాలో అతనికి ఎట్లా తెలుస్తుంది? కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ మూడూ నోట్‌బుక్ అట్ట మీద రాసిపెట్టుకోవాలి. తెరలు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో గుండ్రటి మూలల డబ్బాలు గీయడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. ఈ మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు కావాలంటే ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు పులివెందుల వైపు చీనీ తోటలకు పోదాం. బోరు మోటారుకు మొబైల్ స్టార్టరు పెట్టుకున్న రైతులు మీకు తెలిసే ఉంటారు. డబ్బాలో ఒక సిమ్ ఉంటుంది. ఇంటి దగ్గర నుంచి ఫోన్ చేస్తే తోటలో మోటారు తిరుగుతుంది. పుణెలో సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేశ్’ అనే ఇలాంటి పరికరాన్ని చాలా ఏళ్ల కిందటే తయారుచేశాడు. ముసలి తాత మోటారు వేయడానికి వేళగాని వేళ పొలానికి నడిచిపోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెబుతాడు. రాత్రి కరెంటు రోజుల్లో పాముల మధ్య, టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచిన మన రైతులకు దాని విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ స్టార్టరుకు తెర లేదు, బొమ్మ లేదు. అయినా ఇది నూటికి నూరుపాళ్లూ ఇంటరాక్షన్ డిజైనే. వెర్ప్లాంక్ ప్రశ్నలు దీని మీద వేసి చూడండి. రైతు ఏం చేస్తాడు? ఫోన్ చేస్తాడు, అంకె నొక్కుతాడు. ఏం తగులుతుంది? కొన్నింటిలో కూత, కొన్నింటిలో ‘మోటారు ఆన్ అయింది’ అనే తెలుగు గొంతు. మూడో ప్రశ్న దగ్గర చిక్కు మొదలవుతుంది. మోటారు తిరగడం రైతుకు కావలసిన సంగతా? అతనికి కావలసింది పాదుల్లోకి నీళ్లు. బోరు ఎండితే మోటారు ఉత్తగా తిరుగుతుంది, కాసేపటికి కాలిపోతుంది. స్టార్టరు మాత్రం ‘ఆన్ అయింది’ అని నిజాయతీగానే చెప్పింది. అది చెప్పింది అబద్ధం కాదు, అయినా రైతుకు నష్టమే. అందుకే కాస్త ఖరీదైనవి మోటారు తీసుకునే కరెంటును కొలిచి, నీళ్లు అందకపోతే ఆపేసి, ఆపిన సంగతి ఫోన్‌కు చెబుతాయి. డిజైనర్ అన్నవాడు తోటలో గట్టు మీద కూర్చుని, రైతు ఫోన్ పెట్టేశాక ఏం చేస్తాడో చూస్తేనే ఇది పట్టుకోగలడు. ‘ఆన్ అయింది’ అని విన్నాక కూడా రైతు పక్క తోటాయనకు ఫోన్ చేసి, “అన్నా, మా గొట్టంలో నీళ్లు పడ్తండాయా చూడు” అని అడిగితే, ఆ రెండో ఫోనే మీ స్టార్టరుకు పడిన మార్కు.

ఇందులోనే ఇంకో పాఠం ఉంది, కాస్త చేదుది. మొబైల్ స్టార్టరు కన్నా చవకైనది ఆటో స్టార్టరు. కరెంటు రాగానే దానంతట అదే మోటారును వేసేస్తుంది. ఒక్క రైతు కోణంలో చూస్తే ఇంత సుఖం ఇంకోటి లేదు. కానీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే లోడు తట్టుకోలేక ఫీజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్లూ కాలతాయి. నీళ్లు అవసరం లేనప్పుడు కూడా బోర్లు తోడుతూనే ఉంటాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టేటప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను పదేపదే కోరింది ఇందుకే. ఒక మనిషికి సులువు చేయడం మీ పనిలో ఒక భాగం. ఆ సులువు పదివేల మంది ఒకేసారి వాడితే ఏమవుతుందో లెక్కవేయడం కూడా మీ పనే. ఈ రెండోదాన్ని డిజైన్ కోర్సుల్లో చివరి వారానికి తోసేస్తారు, నాకు అది నచ్చదు.

అంగట్లో, అరబ్బు దేశంలో, అక్షరంలో

ప్రొద్దుటూరులో ఏ టిఫిన్ బండి దగ్గరైనా నిలబడండి. యజమాని చేతులు పిండిలోనో నూనెలోనో ఉంటాయి. పది మంది ఫోన్లు చూపిస్తూ ‘పంపించినా’ అంటుంటారు. ఎవరు పంపారో, ఎవరు పాత స్క్రీన్‌షాట్ చూపిస్తున్నారో ఆయనకు తెలిసే దారి లేదు. 2016లో యూపీఐ వచ్చినప్పుడు పంపేవాడి తెర మీద పచ్చటి టిక్కు పడింది. అమ్మేవాడికి వచ్చింది ఒక మెసేజ్ మాత్రమే. సౌండ్‌బాక్సు ఈ లోటు పూడ్చింది. ‘నలభై రూపాయలు అందాయి’ అని తెలుగులో బిగ్గరగా చెబుతుంది, దోసె తిప్పుతూనే వినొచ్చు. కొన్నవాడికీ వినపడుతుంది, కాబట్టి పేచీ లేదు. పెట్రోలు బంకులో పిల్లోడు ‘జీరో చూడండి సార్’ అనడమూ, బంగారం అంగట్లో కాటా అంకెలు కొనేవాళ్ల వైపుకు తిప్పి ఉంచడమూ ఇదే కోవలోవి. అవి ఏ డిజైన్ స్కూలు నుంచీ రాలేదు, బేరం నేర్పింది.

యూపీఐలోనే ఇంకో ముచ్చట. డబ్బు అడుగుతూ పంపే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ ఒకటి ఉండేది. మోసగాళ్లు దాన్ని పంపి, ‘మీకు డబ్బులు వస్తాయి, పిన్ కొట్టండి’ అని ఫోన్‌లో నమ్మబలికేవాళ్లు. పిన్ కొడితే డబ్బు పోయేది. జాగ్రత్తగా ఉండండని ఎన్ని ప్రకటనలు ఇచ్చినా ఆగలేదు. చివరికి వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్నే 2025 అక్టోబరు 1 నుంచి, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తీసేసింది. జనానికి బుద్ధులు చెప్పడం కన్నా గుంత పూడ్చడం మేలని డిజైనర్లు ఎప్పుడూ మొత్తుకుంటూనే ఉంటారు.

కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయిన కుటుంబాలు ఎన్నో. వాళ్లను పాస్‌పోర్టు సంగతి అడగండి. మన వైపు ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి. పాస్‌పోర్టులో రెండు గడులు, సర్‌నేమ్, గివెన్ నేమ్. దరఖాస్తు నింపిన ఏజెంటుకు తోచినట్టు ఇంటిపేరు ఒక గడిలోనో, అంతా కలిపి ఒకే గడిలోనో పడుతుంది. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లకు విజిట్ వీసా ఇవ్వబోమన్నప్పుడు ఇది ఎంత పెద్ద సంగతో ఒక్కసారిగా తెలిసింది. అమెరికా వీసాల మీద మనవాళ్లలో కొందరి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని మూడు అక్షరాలు ఉంటాయి, పేరు తెలియదు అని అర్థం. అమ్మానాన్నలు నామకరణం చేసి పెట్టిన పేరు, ఫారంలో గడులు సరిపోక తెలియకుండా పోయింది. ఏ ఊళ్లో కూర్చుని ఫారం గీసినా, దాన్ని నింపేవాడి ఇంట్లో పేర్లు ఎట్లా పెడతారో తెలుసుకోకుండా గీయకూడదు.

ఇక అక్షరం. 2018 ఫిబ్రవరిలో ఒక్క ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. అంత పెద్ద సంస్థ కూడా మన ఒత్తును సరిగా పరీక్షించలేదన్నమాట. మీరు రేపు చూడబోయే చిక్కులు ఇంత నాటకీయంగా ఉండవు. ఇంగ్లీషుకు కొలిచి కట్టిన మీటలో తెలుగు పెడితే కింద ఒత్తు తెగిపోతుంది, పైన గుడి తెగిపోతుంది, మాట పొడుగై సగం బయటికి వేలాడుతుంది. తెర గీసేటప్పుడు మొదట ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘ధ్రువపత్రం’ లాంటి మాటలు పెట్టి చూడండి. అవి ఇమిడితే మిగతావి ఇముడుతాయి. ఇంగ్లీషులో పూర్తిచేసి తర్వాత తెలుగులోకి మారుద్దామనుకుంటే, ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు.

సాధన

మీరు ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకు రాజుపాలెం వచ్చారనుకుందాం. ల్యాప్‌టాప్ మూసేయండి. కార్యదర్శిని అడిగి, ఒప్పుకుంటే, గ్రామ సచివాలయంలో ఒక ఉదయం మూల కుర్చీలో కూర్చోండి. 2019 అక్టోబరు 2న ఇవి మొదలైనప్పటి నుంచి కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, అడంగల్, 1బీ లాంటివాటికి జనం వచ్చేది ఇక్కడికే. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలయ్యాయి కాబట్టి, ఫోన్ పట్టుకుని సాయం అడగడానికి వచ్చేవాళ్లూ కనిపించవచ్చు. వాట్సాప్‌ను ఎంచుకోవడం తెలివైన పనే. కొత్త యాప్ నేర్పే బాధ తప్పింది. అయినా మెనూలో మెనూ, దానిలో ఇంకో మెనూ వచ్చేసరికి ఏ పెద్దాయనైనా బొటనవేలు గాల్లో పెట్టి ఆగిపోవచ్చు. మీరు చూడాల్సింది ఆ ఆగడమే.

సలహా చెప్పకండి, సాయం చేయకండి, కాసేపు ఓర్చుకోండి. ఎక్కడ ఆగారు, ఆగి ఎవరి ముఖం చూశారు, ఏమని అడిగారు, ఈ మూడే రాసుకోండి. మాటలు వాళ్లవే రాయండి. “యూజర్‌కు నావిగేషన్‌లో ఇబ్బంది” అని రాసుకుంటే ఇంటికెళ్లాక దానితో ఏం చేయాలో మీకే తెలియదు. “ఇంగ మళ్లా ఎప్పుడు రావాల సార్?” అని ఉన్నదున్నట్టు రాసుకుంటే, రసీదు మీద దరఖాస్తు నంబరు పెద్దగా ఉండి, వచ్చే తేదీ ఎక్కడా లేదన్న సంగతి వెంటనే తడుతుంది. నంబరు కంప్యూటరుకు కావాలి. తేదీ మనిషికి కావాలి. ఇందులో ఎవరి ఆధార్ నంబరూ, ఫోన్ నంబరూ మీ పుస్తకంలోకి ఎక్కకూడదు. ఫొటోలు అసలు వద్దు.

తర్వాత కాగితం, పెన్సిలు. ఒక్కో తెరకు ఒక్కో కాగితం ముక్క. పక్కింటి చిన్నమ్మను కూర్చోబెట్టి, ‘దీంట్లో ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ పెట్టు చిన్నమ్మా’ అని, ఆమె వేలు పెట్టిన చోటును బట్టి తర్వాతి కాగితం ముందుకు తోయండి. కంప్యూటరు వేషం మీది. ఇక్కడ డబ్బు ఖర్చు లేదు, కాగితం చింపి పారేయడానికి మనసూ ఒప్పుకుంటుంది. గంటలకొద్దీ ఫిగ్మాలో మెరుగులు దిద్దినదాన్ని చింపడానికి ఒప్పుకోదు.

ఎంతమందితో చూడాలి? అయిదుగురితో చూస్తే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఆ మాటను అందరూ వల్లిస్తారు. అది ఒకే రకం మనుషులు అయిదుగురి గురించి చెప్పిన లెక్క అన్న సంగతి వదిలేస్తారు. మీ అయిదుగురూ కాలేజీ స్నేహితులే అయితే ఆ అయిదు ఒకటి కింద లెక్క. పెద్దవాళ్లు వేరు, కళ్లజోడు మరిచిపోయి వచ్చినవాళ్లు వేరు, ఎండలో పొలంలో తెర చూసేవాళ్లు వేరు.

అసలు కొలతలో, అసలు వెలుతురులో పరీక్షించకపోతే ఏమవుతుందో తెలంగాణ ఉప ఎన్నికలు చూపించాయి. 2020 దుబ్బాకలో చపాతీ కర్ర గుర్తున్న స్వతంత్ర అభ్యర్థికి మూడున్నర వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. టీఆర్‌ఎస్ ఓడింది వెయ్యి పైచిలుకు తేడాతో. తమ కారు గుర్తు అనుకునే జనం అటు వేశారని ఆ పార్టీ వాదన. రోడ్డు రోలర్ గుర్తు మీద 2022 మునుగోడులో గొడవ మళ్లీ లేచింది. ఓటరు మనసులో ఏముందో మనం తేల్చలేం. కానీ చిన్న గడిలో, నలుపు తెలుపు గీతల్లో, మసక వెలుతురులో ఆ బొమ్మలు ఒకదానిలా ఒకటి కనిపిస్తాయా లేదా అన్నది మాత్రం ముందే తేల్చుకోగలిగిన సంగతి. 2025లో ఎన్నికల సంఘం బీహార్ నుంచి మొదలుపెట్టి బ్యాలట్ పత్రం మీద అభ్యర్థుల రంగు ఫొటోలు, ఫొటోలో నాలుగింట మూడొంతులు ముఖమే ఉండేలా, క్రమసంఖ్యలు 30 సైజు అక్షరాల్లో పెట్టమంది. ప్రజాస్వామ్యంలో అక్షరం సైజు కూడా ఒక నిర్ణయమే.

ఒక మెళకువ ఎవరూ నేర్పరు, అది పోట్లాడటం. మీరు చూసొచ్చింది చెబితే ఇంజినీరు ‘కుదరదు’ అంటాడు, మేనేజరు ‘పోయిన నెల అంకెలు బాగున్నాయి కదా’ అంటాడు. కొన్నిసార్లు వాళ్లు మిమ్మల్ని మోసం గీయమంటారు. రద్దు మీట కనపడకుండా దాచమంటారు, బుట్టలో అడగని వస్తువు పెట్టమంటారు. ఇలాంటివాటికి 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరుపెట్టి, 13 రకాలు గుర్తించి, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పట్టిక చదివి దగ్గర పెట్టుకోండి. సమావేశంలో మీ అభిప్రాయం కన్నా అది గట్టిగా పనిచేస్తుంది.

చదువు సంగతి క్లుప్తంగా. ఇంటర్ తర్వాత, ఏ గ్రూపైనా సరే, బొంబాయి ఐఐటీ నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ ఐఐటీ లాంటి చోట్ల బీడిజైన్‌లో చేరవచ్చు. అమరావతి ప్రాంతంలో 2015లో మొదలైన డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీకి వేరే ప్రవేశ పరీక్ష. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో బీటెక్ చదువుతున్నవాళ్లు చివరి సంవత్సరంలో సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంటరాక్షన్ డిజైన్‌లో ఎండిజైన్‌కు ప్రయత్నించవచ్చు. డిగ్రీ లేకపోయినా ఉద్యోగాలు వస్తాయి. అప్పుడు మీ పోర్ట్‌ఫోలియోనే మీ సర్టిఫికెట్. అందులో ఇరవై అందమైన తెరలు పెట్టకండి. మూడు పనులు చాలు. ఒక్కోదానిలో ఎవరు ఎక్కడ ఆగారు, మీరు మొదట ఏం గీశారు, అది ఎందుకు తప్పింది, తర్వాత ఏం మార్చారు అని ఉండాలి. ఇంటర్వ్యూలో ‘ఈ మీట ఇక్కడే ఎందుకు?’ అని తప్పక అడుగుతారు. ‘చూడ్డానికి బాగుంటుందని’ అన్నవాళ్లను మర్యాదగా పంపించేస్తారు. సచివాలయం రసీదు కథ చెప్పగలిగినవాళ్లను ఇంకో గంట కూర్చోబెడతారు.

యూసీడ్, సీడ్ పరీక్షలు జనవరిలో జరుగుతాయి. దరఖాస్తులు అక్టోబరులో మొదలవుతాయి. ప్రొద్దుటూరు దసరా సందడిలో పడి గడువు దాటించేయకండి.